నారు లేని చోట

నేను ఒక గాజు పలకని. మూడంగుళాల పొడుగు, అంగుళం వెడల్పు. కిటికీలకి బిగించే గాజుకి దూరపు చుట్టాన్ని, కాకపోతే ఇంకా పల్చన, ఇంకా నునుపు. మెడికల్ కాలేజీలో నన్ను స్లైడ్ అంటారు. అట్టపెట్టెలో యాభైమంది అన్నదమ్ములతో పాటు లారీ ఎక్కి, సముద్రం ఒడ్డునున్న ఒక ఊరికి వచ్చాను. అప్పటికి నాకు కథంటూ ఏమీ లేదు. నాలోంచి చూస్తే అవతలిది కనిపించేది, అంతే. నా కథంతా నా మీద అంటించినదానిది. అంటించినది ఒక మనిషి ముక్క.

అంటించినాయన యేసుపాదం గారు. ఆ కాలేజీలో సూక్ష్మదర్శినుల గదికి ఆయన టెక్నీషియన్. ముప్పై ఏళ్లుగా అదే గది, అదే బల్ల. ముక్కలకి రంగులద్దీ అద్దీ ఆయన వేళ్ల కొసలు ఎప్పుడూ గులాబీ రంగులో ఉండేవి. ఆదివారం చర్చిలో ఎవరో ఒకరు "గోరింటాకు పెట్టుకున్నారేంటి మాస్టారూ" అని నవ్వేవారట. ఆయన కూడా నవ్వి ఊరుకునేవారు. ఆ రంగు ఎక్కడ అంటుకుంటుందో చెబితే పక్కన కూర్చోరని ఆయన భయం.

ఒకనాడు రోడ్డుకి అవతలున్న పెద్దాసుపత్రి నుంచి ఒక సీసా వచ్చింది. మందునీళ్లలో చిటికెన వేలంత గొట్టం ముక్క. ఒకవైపు పగిలి, నల్లగా కమిలిపోయింది. వెంట ఉన్న చీటీలో ఒక నంబరు, దాని పక్కన "స్త్రీ, ఇరవై ఆరేళ్లు, కుడి బీజవాహిక" అని ఉంది. ఆడమనిషి పొత్తికడుపులో అండం పుట్టిన చోటినుంచి గర్భసంచి దాకా నడిచి వచ్చే దారి అది. ఈవిడ విషయంలో పిండం గర్భసంచి దాకా రాలేదు. దారి మధ్యలో ఆగి, అక్కడే నాటుకుని, రెండు నెలలు పెరిగింది. ఆ సన్నటి గొట్టంలో పెరగడానికి చోటెక్కడిది? గొట్టం పగిలింది. డాక్టర్లు పొట్ట కోసి, ఆ గొట్టాన్ని తీసేసి తల్లిని దక్కించారు.

పగిలిన భాగాన్ని రోగపరీక్ష వాళ్లు ఉంచుకున్నారు. మిగిలిన ముక్కని పారెయ్యబోతుంటే, పిల్లలకి చూపించడానికి పనికొస్తుందని యేసుపాదం గారు అడిగి తెచ్చుకున్నారు.

ఆ ముక్కలో తడి తీసి, మైనం పట్టించి, గట్టిపడ్డాక కత్తి మిషను మీద కోశారు. వెంట్రుక మందంలో పదోవంతుండే పొర. గోరువెచ్చని నీళ్ల మీద అది తేలుతుంటే, నన్ను ఏటవాలుగా ముంచి, పాల మీద మీగడ తీసినట్టు నా మీదికి ఎత్తుకున్నారు. చీమకి కూడా ఆనని బరువు. అయినా ఆ క్షణం నుంచి నేను బరువెక్కిన మాట నిజం.

నీలం అద్దారు, గులాబీ అద్దారు. పైన ఇంకో పల్చటి గాజు మూతపెట్టి జిగురుతో అంటించేశారు. నా కొసన కాగితం ముక్క మీద "శైలికామయ ఉపకళ" అని ఇంగ్లీషులో రాసి, కింద ఆ చీటీలోని నంబరు వేశారు. పేరు రాయలేదు. పేర్లు రాసే ఆచారం లేదు.

నా మీద ఏముందో చెప్పాలి. ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డ కణాల వరుస, ఉపకళ అంటే అదే. ప్రతి కణం తల మీద నూగులాంటి సన్నని పోగులు. వాటినే శైలికలంటారు. బతికున్న ఒంట్లో అవి ఊరికే ఉండవు. అగ్గి పడ్డ ఇంటికి జనం వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, తమ మీదికొచ్చినదాన్ని ముందుకి అందిస్తూనే ఉంటాయి. నిద్రలో కూడా ఆగవు. నా మీదున్నవి మాత్రం మందునీళ్లలో పడిన నిమిషానికే ఆగిపోయాయి. అన్నీ ఒకే పక్కకి వంగి, సగం ఊపులో. అందివ్వబోయి చేతులు అలాగే చాచి ఉండిపోయిన మనుషుల్లా.

ఏటా కొత్త పిల్లలు వచ్చేవారు. ప్రొఫెసర్ ఇందుమతి గారు నన్ను సూక్ష్మదర్శిని దీపం మీద పెట్టించి పాఠం చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

"శైలికామయ ఉపకళ ఒంట్లో ఎక్కడెక్కడ ఉంటుంది? ముక్కు లోపల. గొంతు కింద వాయునాళంలో. అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి చీలే గొట్టాల్లో. మనం పీల్చిన దుమ్ముని కఫంతో సహా పైకి తోసేది ఇదే. మెదడు లోపలి గదుల్లో ఉంటుంది, అక్కడి నీటిని కదిలిస్తుంది. మగవాళ్లలో వీర్యకణాలు బయటికొచ్చే సన్న నాళాల్లో ఉంటుంది. ఆడవాళ్లలో గర్భసంచి లోపలి పొరలో కొంత, బీజవాహికలో ఎక్కువ. ఈ స్లైడ్ అదే."

పరీక్షలో అడిగితే పిల్లలు ముక్కు దగ్గర మొదలెట్టి వాయునాళం దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు. బీజవాహిక దగ్గరికొచ్చేసరికి సగంమంది మర్చిపోయేవారు. ఒకబ్బాయి జలుబుతో వచ్చి, ముక్కులో శైలికలు ఏంచేస్తాయో వర్ణిస్తూ నా మీదే తుమ్మాడు. అంత దగ్గర్నుంచి నా మీదికి వంగిన ఏ కన్నూ, ఇది ఎవరిది అని అడగలేదు. వాళ్ల తప్పేం కాదు. అడగమని ఎవరూ నేర్పలేదు.

నాలుగో ఏడు నాకు చెడ్డపేరు వచ్చింది. నా మీది ముక్కలో ఒక పక్క నూగు ఒత్తుగానే ఉంది గాని, ఇంకో పక్క బోడిగా ఉంది. కొంతమేర కణాలు అణగారిపోయి, తలల మీద ఒక్క పోగు కూడా లేకుండా ఉన్నాయి. ఆ భాగం చూసిన పిల్లలు శైలికలు లేవని రాసి మార్కులు పోగొట్టుకున్నారు. ఇందుమతి గారు విసుక్కుని, "ఇది తీసెయ్యి యేసుపాదం, ఇది జబ్బుచేసిన ముక్క. మంచిది ఇంకోటి చెయ్యి" అన్నారు. ఆయన చేశారు. నన్ను మాత్రం పారెయ్యలేక, పక్క హాల్లో అద్దాల బీరువాలో అడుగు అరలో పెట్టారు.

ఆ హాలే పిండాల మ్యూజియం. నాకెదురుగా వరసగా సీసాలు. వాటిలో రకరకాల నెలల శిశువులు, కళ్లు మూసుకుని, మోకాళ్లు ముడుచుకుని. అవి నన్ను చూసేవి కావు, నేనే వాటిని చూస్తూ ఉండేదాన్ని. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడితే సీసాల్లో నీళ్లు బంగారంలా వెలిగేవి. ఆ వెలుగులో ఏదో ఒక చిన్న చెయ్యి కదిలినట్టుండేది. కదిలేది కాదు. రెండేళ్లు చూశాను, ఒక్కటీ కదల్లేదు. అయినా ప్రతి మధ్యాహ్నం కదిలినట్టే ఉండేది.

అప్పుడు ఊడ్చే పనిలోకి పైడితల్లి వచ్చింది. ముప్పై రెండేళ్ల మనిషి. గట్టి ఒళ్లు, మెత్తటి అడుగులు. అంతకుముందు భర్త సన్నేసితో తాపీ పనిలో ఇటుకలు, సిమెంటు మోసేది. మిగతా గదుల్లో చకచకా ఊడ్చేసేది గాని, మ్యూజియంలోకి వస్తే మాత్రం చీపురు గుమ్మం దగ్గరే పెట్టి, ముందు కొంగుతో సీసాలు తుడిచేది. వాటిలో కిటికీ పక్కనున్న ఒక సీసా దగ్గర ఎక్కువసేపు ఆగేది. అందులో శిశువు బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని ఉంటుంది. ఆ సీసాని పొద్దున్న వెలుగు వైపుకి, ఎండ ముదిరితే నీడ వైపుకి తిప్పేది. పెదాలు కదిలేవి. ఏమనేదో నాకు వినబడేది కాదు.

కథల్లో అయితే, ఆమె బీరువా ముందునుంచి వెళ్లినప్పుడల్లా నాలో ఏదో ఝల్లుమనాలి. అలాంటిదేమీ జరగలేదు. గాజుకి రక్తసంబంధం తెలియదు. ఆమె రోజూ నా అద్దం కూడా తుడిచింది, నాకేమీ తెలియలేదు. తర్వాత తలుచుకుంటే మాత్రం భయమేస్తుంది.

మూడు నెలలకి యేసుపాదం గారు గమనించారు. ఒకరోజు మధ్యాహ్నం పిల్లలంతా భోజనానికి వెళ్లాక ఆమె ఆ సీసాకి నుదురు ఆనించి నిలబడి ఉంది. ఆయన దగ్గితే ఉలిక్కిపడింది.

"ఏమ్మా పైడితల్లీ, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉన్నాను బాబూ. ఒక్క మాట అడగొచ్చా?"

"అడుగు."

"ఈ పసి గుంటలందరూ మన ఆస్పత్రిలో పోయినోలేనా?"

"చాలామటుకు. ఎందుకు?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "నాకూ అక్కడే ఆపరేషన్ సేసినారు. ఆరేళ్లయినాది. కడుపులో గుంట పోనాదని సెప్పినారు గానీ సూపించనేదు. ఏటి సేసినారమ్మా అని అడిగితే, కాలేజీవోలు పట్టుకెల్లినారని ఒక నర్సమ్మ అనీసినాది. అందుకే ఈ పన్లోకి వచ్చినాను బాబూ. ఇదుగో, ఇదే. ఆ ముక్కు సూడండి, అచ్చం మా మావ ముక్కే."

యేసుపాదం గారు ఆ ముక్కు వైపు చూశారు.

"నానే సంపేసినాను దీన్ని," అందామె, ఊడ్చినంత మామూలుగా. "ఆ రోజు స్లాబు ఏస్తన్నారు. కడుపుతో ఉండి సిమెంటు తట్టలు మోసినాను. నిచ్చెన మీదుండగానే నొప్పొచ్చినాది. రోజూ వొచ్చి సెమించమని అడుగుతాను. ఏటీ అనదు."

ఆయన తల పంకించి తన గదిలోకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఆరేళ్ల కిందటి రిజిస్టరు తీశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన సీసాల లెక్కలన్నీ అందులో ఉంటాయి, రిజిస్టర్లో పేర్లు కూడా ఉంటాయి. వేలు పెట్టి వరసగా చదువుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు. గబగబా బీరువా తెరిచి, అడుగు అరలో వెతికి, నన్ను బయటికి తీసి, నా కొసనున్న నంబరు వెలుగులో పెట్టి చూశారు. రిజిస్టర్లో ఆ నంబరు పక్కన పైడితల్లి పేరుంది. నేను ఎవరినో నాకు తెలిసింది అప్పుడే.

ఎదురుగానే ఉన్నాం. మూడు నెలలు. ఆమె ఎవరి బిడ్డకో క్షమాపణ చెప్పుకుంటుంటే, ఆమె సొంత ముక్క రెండు గజాల దూరంలో బీరువాలో పడుకుని చూస్తూ ఉంది.

మర్నాడు ఆయన నన్ను ఇందుమతి గారి దగ్గరికి తీసుకెళ్లారు. సంగతి చెప్పారు. ఆవిడ చాలాసేపు సూక్ష్మదర్శినిలో చూశారు. అంత పెద్ద గొంతూ చిన్నదైపోయింది.

"మోతకీ దీనికీ సంబంధం లేదు యేసుపాదం. ఈ బోడి భాగం చూడు, ఇది ఎప్పటిదో పాత దెబ్బ. ఏదో జ్వరం, లోపల చీము పట్టి ఉంటుంది. శైలికలు రాలిపోయాయి. అండాన్ని ముందుకి పంపేది లేక అక్కడ ఆగిపోయి ఉంటుంది. ఆగిన చోట నాటుకున్నాక, ఆవిడ మంచం దిగకపోయినా పగిలేది." కన్ను తీసి అన్నారు: "నేను దీన్ని చెడ్డ స్లైడ్ అన్నాను కదూ?"

"ఆవిడకి చెప్పమంటారా అమ్మా?"

"నన్ను చెప్పమంటే ఇంగ్లీషులో చెప్పి చెడగొడతాను. నువ్వే చెప్పు."

చెప్పడానికి ఆయనకి ఎనిమిది రోజులు పట్టింది. నిజం చెబితే ఆమెకి ఉన్న బిడ్డ పోతుంది. చెప్పకపోతే చెయ్యని పాపం మోస్తూనే ఉంటుంది. రోజూ సీసా దగ్గర ఆమె పెదాలు కదలడం చూసి, వెనక్కి తిరిగి వచ్చేసేవారు. నన్ను తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు. మాటిమాటికీ సొరుగు తెరిచి చూసి మూసేవారు. ఒకసారి నాతోనే, "ఏం చెయ్యమంటావు తల్లీ" అన్నారు. నన్నో, నా మీదున్నదాన్నో.

తొమ్మిదో రోజు చెప్పారు. మెత్తగా చెప్పడానికి వచ్చిన మాటలన్నీ వెతుక్కున్నారు గాని, చివరికి అది ఒకటే మాట. రెండు నెలల పిండం చింతగింజంత ఉంటుంది. సీసాలో ఉన్నది ఐదు నెలలది. ఇది నీ బిడ్డ కాదమ్మా.

పైడితల్లి ఆయన మొహంలోకి చూసింది. సీసా వైపు చూసింది. చీపురు గోడకి ఆనించి, మెట్లు దిగి వెళ్లిపోయింది. మూడు రోజులు పనికి రాలేదు. సీసాల మీద దుమ్ము పేరుకుంది. కిటికీ పక్క శిశువుని ఎవరూ నీడకి తిప్పలేదు.

నాలుగో రోజు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తిన్నగా యేసుపాదం గారి బల్ల ముందు నిలబడి, "అయితే నాదేటీ మిగల్నేదా బాబూ?" అంది.

ఆయన సొరుగు తెరిచారు. "ఒకటుందమ్మా."

కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. నన్ను దీపం మీద పెట్టారు. ఆమె గుడిలోకి వెళ్లేముందు చేసినట్టు చేతులు కొంగుకి తుడుచుకుంది. ఒక కన్ను మూసి చూడమన్నారు. ఒక్కటే మూయడం రాక, ఎడమ కన్నుని అరచేత్తో కప్పుకుని వంగింది. ఎంతోమంది పిల్లల కళ్లు నా మీదికి వంగాయి గాని, అంత తడి కన్ను ఎప్పుడూ వంగలేదు.

"ఏటీ నేదు బాబూ. గులాబి రంగు పొగ."

ఆయన మర తిప్పారు. ఆమె ఇంకా దగ్గరగా వంగింది.

"మడి," అంది.

"ఏ మడమ్మా?"

"నారుమడి. గట్టు మీంచి వొంగి సూత్తే ఉంటాది సూడండి, కొసలన్నీ ఒక్క ఎత్తున. గాలొచ్చి ఒక పక్కకి వొంగినట్టున్నాది. ఇది నాలోదా?"

"నీలోదే. పిల్లని కడుపులోకి నడిపించేది ఇదే. ఆ నారు ఊగుతూ ఊగుతూ ముందుకి పంపుతుంది."

ఆయన నన్ను మెల్లగా పక్కకి జరిపారు. ఎక్కడిదాకా జరపాలో, అక్కడ ఏం కనబడుతుందో ఆమెకి చెప్పలేదు.

"ఇదేటి," అందామె. "ఇక్కడ నారు నేదు."

ఆయన నన్ను ఇంకాస్త జరిపారు.

"ఇంత మేర ఒక్క మొక్కా నేదు. ఎవులు తొక్కీసినారు బాబూ?"

నాలుగేళ్లపాటు, డాక్టరు చదువు చదివే పిల్లలు నన్ను చూసి, శైలికలు లేవని రాసి ఊరుకున్నారు. ఎవరు తొక్కారని అడిగినది ఈమే.

"అంతకుముందు ఎప్పుడన్నా పెద్ద జ్వరం వచ్చిందా అమ్మా? పొత్తికడుపులో నొప్పితో?"

ఆమె కన్ను తియ్యకుండానే ఆలోచించింది. "మొదటి కడుపు ఏడో నెల్లోనే జారిపోనాది. ఇంటికాడే. ఆ తరవాత నెల దినాలు జరం. లెగనేదు. ఏదో పసరు తాగించినారు."

"ఆ జ్వరమే తొక్కిందంటున్నారు డాక్టరమ్మ గారు. నీకూ తెలీదు, ఎవరికీ తెలీదు. పిల్ల ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడినుంచి పంపేవాళ్లు లేరు. ఆగిపోయింది."

"సిమెంటు తట్ట వల్ల కాదా?"

"కాదు."

"నిచ్చెన ఎక్కినందుకు?"

"కాదమ్మా. నువ్వు ఆ రోజు ఇంట్లో పడుకున్నా అంతే అయ్యేది."

ఆమె మళ్లీ నారున్న వైపుకి జరపమంది. జరిపారు. మళ్లీ బోడి వైపుకి. దారి కొలుచుకుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. దీపం వేడికి నేను వెచ్చబడ్డాను. ఆ వెచ్చదనంలో నా మీద ఆగిపోయిన పోగులు కదిలినట్టు నాకే అనిపించింది. కదల్లేదని తెలుసు. కానీ ఆమెకీ అలాగే అనిపించిందేమో.

"ఇక్కడిదాకా నడిచొచ్చినాదన్నమాట," అంది. "నా కాడికే వొత్తన్నాది."

అప్పుడు ఏడ్చింది. యేసుపాదం గారు లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డారు.

తర్వాత ఆమె అడిగినది ఒకటే. "ఇది నాకిచ్చీయండి బాబూ."

కాలేజీ వస్తువుని ఇవ్వడానికి ఆయనకి హక్కు లేదు. ప్రొఫెసర్ గారికీ లేదు. గాజు ముక్కకి ఎంత మర్యాద ఉంటుందో మీరు నమ్మరు. పారెయ్యాలంటే మూడు సంతకాలు కావాలి. పగిలిపోతే ఒక్క గీత చాలు. ఆయన రిజిస్టరు తెచ్చి, నా నంబరు ఎదురుగా "పగిలినది" అని రాశారు. ఇందుమతి గారు చదివి, ఏమీ అడక్కుండా పక్కన సంతకం పెట్టారు. ఆ కాగితం లెక్కన నేను అప్పటినుంచీ లేను.

నన్ను దూదిలో చుట్టి, ఖాళీ అగరొత్తుల పెట్టెలో పెట్టి ఆమె చేతిలో పెట్టారు. ఆమె రొంటిన దోపుకుని మ్యూజియంలోకి వెళ్లింది. మూడు రోజుల దుమ్మూ తుడిచింది. కిటికీ పక్క సీసా దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగింది. దాన్ని కూడా తుడిచి, నీడకి తిప్పి, "నీ యమ్మ ఎక్కడున్నాదో, నిన్ను సూసుకోనేదు" అంది. ఈసారి నాకు స్పష్టంగా వినిపించింది. ఆమె ఒంటి మీదే ఉన్నాను కదా.

ఇంట్లో నన్ను దేవుడి పటం వెనక పెట్టింది. సన్నేసితో ఆ ఆపరేషన్ మాటే ఎత్తేది కాదు. అతనూ ఎత్తేవాడు కాదు. ఆ ఇంట్లో ఇద్దరూ అన్నీ మాట్లాడుకునేవారు, వాన గురించి, పని గురించి, పక్కింటి కుక్క గురించి. ఆ ఒక్కటీ తప్ప. అది మాటల మధ్యలో కూర్చుని ఉండేది. అటొకరు, ఇటొకరు దాన్ని తప్పుకుని తిరిగేవారు. సాయంత్రం అతను తాగొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

నాలుగో నాడు పటం తుడుస్తూ అతనే నన్ను చూశాడు. పెట్టె తెరిచి, దూది విప్పి, వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. గాజు మధ్యలో గులాబీ రంగు మరక ఒకటి కనబడి ఉంటుంది.

"ఏటే ఇది?"

ఆమె చెప్పింది. సీసా సంగతి, నారుమడి సంగతి, అన్నీ. అతను అంతా విన్నాడు. నన్ను మళ్లీ దూదిలో చుట్టాడు. కోడిపిల్లని చుట్టినంత జాగ్రత్తగా చుట్టాడు, సిమెంటుకి బిరుసెక్కిన ఆ చేతులతో. మర్నాడు తెల్లారి పనికి పోలేదు. తాపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "రా" అన్నాడు.

సముద్రం పక్కన సరుగుడు తోట వెనక, వాళ్లవాళ్లు పసిపిల్లల్ని పాతిపెట్టే చోటుంది. రాళ్లు లేవు, పేర్లు లేవు. చిన్న చిన్న గుట్టలు, కొన్నింటి మీద ఎండిన పూలు. గాలికి సరుగుడు చెట్లు ఒకటే హోరు. సన్నేసి మోకాళ్ల మీద కూర్చుని తాపీతో ఇసకమట్టి తవ్వడం మొదలుపెట్టాడు. నా అంత వస్తువుకి జానెడు గుంత చాలు. అతను మూర లోతు తవ్వాడు, ఇంకా తవ్వుతూనే ఉన్నాడు.

"సాల్లే మావా," అంది పైడితల్లి.

అతను ఆగలేదు. తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ రోజు స్లాబుకి మనిసి తక్కువైనాడు. నీకు ఒంట్లో బానేదన్నావు. అరపూట పనేనే, రా అని నానే లాక్కెల్లినాను. నీకు గుర్తున్నాదా?"

"ఉన్నాది."

"ఆరేళ్లు. నువ్వొక్క మాట అననేదు. ఎప్పుడంటావోనని సూత్తన్నాను. నువ్వు నిద్రపోతంటే నీ మొకం సూసి, ఇది మనసులో నన్నే తిడతన్నాది అనుకుంటన్నాను. గుంటని నానే సంపేసినాను కదే."

పైడితల్లి అతని వైపు తిరిగింది. ఆరేళ్లూ ఆ పాపం తనొక్కదానిదే అనుకుంది. పక్కనే పడుకున్న మనిషి కూడా అదే మోస్తున్నాడని ఆమెకి తట్టలేదు.

ఆమె కూర్చుని అతని చేతిలోంచి తాపీ తీసి పక్కన పెట్టింది.

"మావా, ఇలా సూడు. నువ్వూ కాదు, నానూ కాదు. నా కంటితో సూసినాను. అక్కడ దారి నేదు. నువ్వు నన్ను మంచం మీద కూకోబెట్టి మేపినా అంతే."

"నిజంగా సూసినావా?"

"సూసినాను."

"నన్ను ఊరుకోబెట్టడానికి సెప్పట్నేదు కదా?"

"మన గుంట మీద ఒట్టు."

బతికిలేని బిడ్డ మీద, ఎప్పుడూ చూడని బిడ్డ మీద ఒట్టు వేసింది. అతను నమ్మాడు. పెద్దగా, పశువు ఏడ్చినట్టు ఏడ్చాడు. ఆమె అతని వీపు నిమురుతూ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

తర్వాత నన్ను దూదితో సహా గుంతలో పడుకోబెట్టారు. పైడితల్లి ఇంటినుంచి తెచ్చిన పాలు కాసిన్ని పోసింది. సన్నేసి చేతులతోనే మట్టి కప్పాడు, తాపీ ముట్టుకోలేదు. కప్పి, అరచేత్తో చదును చేశాడు, గచ్చు చేసేవాడి అలవాటు కొద్దీ. వెలుగు ముందు గోధుమరంగుకి తిరిగి, తర్వాత పోయింది.

ఇప్పుడిక్కడ నా చుట్టూ ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఎవరూ మాట్లాడరు. తడికి నా కొసన అంటించిన కాగితం ఊడిపోతుంది, నంబరు పోతుంది. గులాబీ రంగు మెల్లమెల్లగా వెలిసిపోతుంది. గాజుని కనుక నేను మాత్రం కుళ్లను. ఇంకా చాలా కాలం ఉంటాను, నా మీద ఒకప్పుడు ఎవరున్నారో మర్చిపోకుండా.

ఆ రోజు వాళ్లిద్దరూ లేచి వెళ్లేటప్పుడు అడుగుల చప్పుడు మట్టిలోంచి నా దాకా వచ్చింది. ముందు అతనివి, బాగా వెనక ఆమెవి. సరుగుడు తోట దాటేచోట ముందరి అడుగులు ఆగాయి. వెనకవి వచ్చి కలిశాయి. ఆ తర్వాత వినబడినంత దూరమూ రెండూ పక్కపక్కనే వినిపించాయి.